దేశం దాటిన గేలిక్ ఆటల క్లబ్ నడపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

లండన్, న్యూయార్క్, సిడ్నీ, దుబాయ్, సియోల్... ఐరిష్ వాళ్లు నలుగురు చేరిన చోటల్లా ఏదో ఒక రోజు తమ దేశీయ ఆటల కోసం గేలిక్ క్లబ్ వెలుస్తుంది. వెలవడం తేలికే, మూడో ఏడాది దాకా నిలబడటమే కష్టం. పెట్టినవాళ్లలో సగం మంది ఆలోపే వీసా అయిపోయి వెళ్లిపోతారు. కింది జవాబులు ఎక్కువగా ఆ ఇబ్బంది చుట్టూనే తిరుగుతాయి.

గేలిక్ ఆటలంటే ఏవేవి? అన్నిటికీ ఒకటే సంఘమా?

గేలిక్ ఫుట్‌బాల్ (చేత్తోనూ కాలితోనూ ఆడేది), హర్లింగ్ (కర్రతో బంతి కొట్టేది), హ్యాండ్‌బాల్ (చేత్తో గోడకు బంతి కొట్టేది), రౌండర్స్ (బేస్‌బాల్ లాంటిది) ఈ నాలుగూ గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ (జీఏఏ) కిందికి వస్తాయి. ఆ సంఘం 1884 నవంబరు 1న టిప్పరరీ కౌంటీలోని థర్ల్స్ పట్టణంలో, హేస్ హోటల్లో పుట్టింది. ఆడవాళ్ల హర్లింగ్‌ని కమోగీ అంటారు. దాని సంఘం 1904 నాటిది. లేడీస్ గేలిక్ ఫుట్‌బాల్ సంఘం 1974లో వచ్చింది. ఈ మూడింటినీ 2027కల్లా ఒకటి చేయాలన్నది ఐర్లాండ్‌లో పెట్టుకున్న లక్ష్యం. విదేశాల్లో చాలా క్లబ్బులు ఎప్పటినుంచో ఒకే కమిటీ, ఒకే బ్యాంకు ఖాతాతో నడుస్తున్నాయి. ఉన్న యాభై మందిని రెండు క్లబ్బులుగా చీల్చే తాహతు ఎవరికీ లేదు మరి.

కమిటీ ఒకటే అయినా నియమాలు ఒకటి కావు. మగవాళ్ల ఫుట్‌బాల్‌కు 5వ సైజు బంతి, ఆడవాళ్లకు 4వ సైజు. నేలమీది బంతిని ఆడవాళ్లు నేరుగా చేత్తో తీసుకోవచ్చు, మగవాళ్లు కాలి వేళ్లతో లేపి అందుకోవాలి. మగవాళ్ల ఫుట్‌బాల్‌లో 2025 నుంచి 40 మీటర్ల వంపు గీత బయటినుంచి కొట్టిన షాట్‌కు రెండు పాయింట్లు వస్తున్నాయి. బంతి అడ్డపట్టీ కిందినుంచి వెళ్తే గోల్, స్తంభాల మధ్య దాని పైనుంచి వెళ్తే పాయింటు. స్కోరు 2-11 అని రాస్తే రెండు గోల్స్, పదకొండు పాయింట్లు. గోల్‌కు మూడు లెక్కన మొత్తం 17. బల్ల దగ్గర కూర్చునే కొత్త స్కోరర్ ఇక్కడే తడబడతాడు కాబట్టి, పక్కన మొత్తం కూడా రాయమనండి.

ప్రవాస క్లబ్బులు ఎవరి కింద నడుస్తాయి?

బ్రిటన్‌కు సొంత ప్రొవిన్షియల్ కౌన్సిల్ ఉంది. లండన్, లాంకషైర్, వార్విక్‌షైర్, స్కాట్లండ్ లాంటివి దాని కింది కౌంటీలు. న్యూయార్క్‌ది వేరే బోర్డు, మిగతా అమెరికాది యూఎస్‌జీఏఏ. కెనడా, యూరప్, ఆస్ట్రలేషియా, ఆసియా, మిడిల్ ఈస్ట్ దేనికది విడిగా ఉన్నాయి. న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌లో ఉన్న క్లబ్బూ బోస్టన్‌లో ఉన్న క్లబ్బూ ఒకే బోర్డు కిందివి కావు. ఈ సంగతి తెలియక ట్రాన్స్‌ఫర్ కాగితాలు తప్పు చోటికి పంపేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు.

లండన్, న్యూయార్క్ జట్లు ఐర్లాండ్‌లోని కొనాక్ట్ ఫుట్‌బాల్ ఛాంపియన్‌షిప్‌లో కూడా ఆడతాయి. లండన్ 2013లో ఫైనల్ దాకా వెళ్లింది. న్యూయార్క్ 2023 ఏప్రిల్‌లో బ్రాంక్స్‌లోని గేలిక్ పార్క్ మైదానంలో ఐర్లాండ్‌లోని లీట్రిమ్ కౌంటీ జట్టును పెనాల్టీల మీద ఓడించి, ఆ పోటీలో తన మొదటి గెలుపు అందుకుంది.

కొత్త క్లబ్ పెట్టాలంటే ఎంతమంది కావాలి?

పదిహేను మందితో పూర్తి జట్టు దించాలంటే కనీసం నలభై మంది నమోదై ఉండాలి. గాయాలు, షిఫ్టులు, పెళ్లిళ్లు, ఇంటికి వెళ్లే టికెట్లు పోగా ఆదివారం పొద్దున మైదానానికి వచ్చేది అందులో సగమే. అందుకే కొత్తవాళ్లు చిన్న జట్లతో మొదలుపెట్టడం మంచిది. ఆసియా టోర్నీల్లో తొమ్మిది మంది, యూరప్‌లో ఎక్కువగా పదకొండు మంది జట్లు ఆడతాయి. తొమ్మిది మంది ఆటకు పన్నెండు నుంచి పద్నాలుగు మంది ఉంటే బండి లాగవచ్చు.

క్రమం ఇలా పెట్టుకోండి. ముందు ఆరు వారాలు వరుసగా, ఒకే రోజు, ఒకే టైముకు ప్రాక్టీసు పెట్టి ఎవరు నికరంగా వస్తున్నారో చూడండి. తర్వాత మీ ప్రాంతీయ బోర్డు సెక్రటరీకి రాయండి. అనుబంధం ఇచ్చే ముందు వాళ్లు క్లబ్ నియమావళి, పదవుల్లో ఉన్నవాళ్ల పేర్లు, జెర్సీ రంగులు, మైదానం వివరాలు అడుగుతారు. రంగులు పక్క క్లబ్బువి కాకుండా చూసుకోండి. లేకపోతే ప్రతి టోర్నీలోనూ ప్రాక్టీసు బిబ్బులు తొడుక్కుని ఆడాల్సి వస్తుంది. ఆ తర్వాత స్థానిక చట్టం ప్రకారం సంస్థగా నమోదు. అమెరికాలో లాభాపేక్ష లేని 501(సి)(3) హోదా తీసుకునే క్లబ్బులున్నాయి. అక్కడి తెలుగు సంఘాల లెక్కలు చూసినవాళ్లకు ఈ తతంగం కొత్త కాదు. నమోదు పత్రం లేనిదే బ్యాంకు ఖాతా తెరవరు. ఖాతా లేక సభ్యత్వం డబ్బు ఎవరో ఒకరి సొంత ఖాతాలో పడటం మొదలైతే తర్వాత తేల్చడం బ్రహ్మతరం కాదు.

కమిటీలో ఎవరెవరు ఉండాలి?

ఛైర్‌పర్సన్, సెక్రటరీ, ట్రెజరర్, రిజిస్ట్రార్, పిల్లల విభాగం ఉంటే చిల్డ్రన్స్ ఆఫీసర్. వీళ్లు తప్పనిసరి. పీఆర్ఓ, కోచింగ్ ఆఫీసర్, సాంస్కృతిక విభాగం చూసేవాళ్లు తర్వాత చేరొచ్చు.

విదేశీ క్లబ్బులో అసలు బరువంతా రిజిస్ట్రార్ మీదే. ఎవరు నమోదయ్యారు, ఎవరి ట్రాన్స్‌ఫర్ ఎక్కడ ఆగింది, ఎవరి వీసా ఎప్పుడు ముగుస్తుంది అన్నవన్నీ ఆ మనిషి పట్టికలోనే ఉంటాయి. ఆ పట్టిక ఆయన సొంత ల్యాప్‌టాప్‌లో ఉంటే ఆయన విమానం ఎక్కిన రోజునే క్లబ్ జ్ఞాపకమంతా పోతుంది. ఈమెయిల్ ఖాతా, నమోదు వ్యవస్థ లాగిన్, సోషల్ మీడియా పాస్‌వర్డ్‌లు, బ్యాంకు సంతకాలు అన్నీ పదవి పేరు మీద ఉండాలి, మనిషి పేరు మీద కాదు. రెండో ఫ్యాక్టర్ కోడ్ ఎవరి ఫోనుకు వస్తుందో కూడా చూసుకోండి. పాస్‌వర్డ్ అందరికీ తెలిసినా, కోడ్ మాత్రం పెర్త్ నుంచి డబ్లిన్ తిరిగి వెళ్లిపోయిన పాత సెక్రటరీ మూసేసిన ఆస్ట్రేలియా నంబరుకు వెళ్తుంటే ఏం లాభం?

ప్రతి పదవికీ ఒక డిప్యూటీ ఉండాలి. ఇద్దరి వీసాలూ ఒకే నెలలో ముగియకూడదు. వినడానికి నవ్వులాటగా ఉంటుంది గానీ, సర్వసభ్య సమావేశంలో పదవికి ముందుకొచ్చిన వాళ్లను "ఎప్పటిదాకా ఉంటారు?" అని మొహమాటం లేకుండా అడగాల్సిందే.

ఐర్లాండ్ నుంచి వచ్చిన ఆటగాడు నేరుగా మ్యాచ్ ఆడొచ్చా?

ఆడకూడదు. ప్రతి ఆటగాడికీ ఇంటి దగ్గర ఒక మాతృ క్లబ్ ఉంటుంది. అక్కడినుంచి మీ క్లబ్బుకు ట్రాన్స్‌ఫర్ పూర్తవ్వాలి. నమోదు అంతా ఇప్పుడు ఫిర్యన్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో జరుగుతోంది. ఆటగాడికి అందులో పాత ప్రొఫైల్ ఉంటుంది, కొత్తది తెరవనివ్వకండి. రెండు ప్రొఫైళ్లు ఉంటే ట్రాన్స్‌ఫర్ అడ్డం తిరగడానికి అదొక్కటి చాలు. పుట్టినతేదీ, పేరు స్పెల్లింగ్ పాతదానిలో ఎలా ఉంటే అలాగే ఉండాలి. ఇక్కడ పాస్‌పోర్టులో ఇంగ్లిష్ పేరు, అక్కడ ఐరిష్ పేరు ఉన్నవాళ్ల దగ్గర మరింత జాగ్రత్త.

ఆలస్యం ఎక్కువగా అవతలి వైపు జరుగుతుంది. ఊళ్లోని క్లబ్ సెక్రటరీ కూడా జీతం లేని మనిషే, పగలంతా తన ఉద్యోగంలో ఉంటాడు. పైగా మంచి ఆటగాణ్ని వదులుకోవడం వాళ్లకు ఇష్టం ఉండదు. ఆటగాడే స్వయంగా తన పాత క్లబ్బుకు ఫోన్ చేసి మాట్లాడితే రెండు రోజుల్లో అయ్యే పని, మీరు ఈమెయిల్ పెడితే మూడు వారాలు పడుతుంది.

ట్రాన్స్‌ఫర్ మధ్యలో ఉండగా "ఒక్క మ్యాచే కదా" అని దించారో, కొంప మునిగినట్టే. ప్రత్యర్థి అభ్యంతరం పెడితే గెలిచిన మ్యాచ్ చేజారిపోతుంది, ఆటగాడికి శిక్ష కూడా పడొచ్చు. మ్యాచ్ పట్టీలో పేరు ఎక్కించే ముందు రిజిస్ట్రార్ అవునన్నాడా లేదా అన్నదే ఆఖరి మాట. కోచ్ ఎంత బతిమాలినా వినకండి.

అమెరికాకు వేసవి నెలలకే వచ్చే ఆటగాళ్ల సంగతి?

వాళ్లకు పూర్తి ట్రాన్స్‌ఫర్ బదులు, పరిమిత కాలానికి ఆడేందుకు శాంక్షన్ అనే అనుమతి ఉంది. గడువు తేదీలు బోర్డు ప్రతి సీజన్‌కూ ప్రకటిస్తుంది. చాలామంది విద్యార్థులు జే-1 వేసవి వీసా మీద వస్తారు, దానికి గరిష్ఠంగా నాలుగు నెలలు. పర్యాటకుడిగా 90 రోజుల వీసా మినహాయింపు మీద వచ్చినవాళ్లు పని చేయకూడదు. "వచ్చి ఆడు, సైటులో పని చూపిస్తాం" అని నోటిమాటగా హామీ ఇచ్చే క్లబ్బులు ఆ కుర్రవాణ్ని ఎయిర్‌పోర్టులోనే ఇరికిస్తాయి. ఇమిగ్రేషన్ అధికారి అతని ఫోన్ తెరిచి మెసేజులు చదవవచ్చు.

2022 నుంచి ఐర్లాండ్‌లో అంతర్ కౌంటీ సీజన్ జులైలోనే ముగిసి, ఆపైన క్లబ్ ఛాంపియన్‌షిప్‌లు నడుస్తున్నాయి. కాబట్టి ఆగస్టు వచ్చేసరికి ఊరి క్లబ్ "తిరిగి రా" అని పిలుస్తుంది. యూఎస్‌జీఏఏ ఫైనల్స్ కూడా ఆ నెలలోనే. వేసవి ఆటగాళ్ల మీదే జట్టంతా కడితే సరిగ్గా ఫైనల్ వారంలో జట్టు సగమవుతుంది.

మైదానం ఎక్కడ దొరుకుతుంది? రగ్బీ గ్రౌండ్ సరిపోతుందా?

నిబంధన ప్రకారం మైదానం పొడవు 130 నుంచి 145 మీటర్లు, వెడల్పు 80 నుంచి 90 మీటర్లు. రగ్బీ గ్రౌండ్‌లో గోల్ గీతల మధ్య 100 మీటర్లకు మించదు, వెడల్పు 70. అందులో పదిహేను మంది ఆడితే ఒకరి మీద ఒకరు పడటమే. పదకొండు మంది ఆట పుట్టింది ఇలాంటి అవసరంలోనే. గోల్ స్తంభాల మధ్య దూరం గేలిక్‌లో 6.5 మీటర్లు, అడ్డపట్టీ ఎత్తు 2.5. రగ్బీలో అవి 5.6, 3. ప్రాక్టీసుకు ఫరవాలేదు గానీ, గోల్‌కీపర్ ఆ కొలతలకు అలవాటు పడితే అసలు టోర్నీలో పైనుంచి పోయే బంతి అంచనా తప్పుతుంది.

ఆస్ట్రేలియాలో పరిస్థితి మెరుగు. ఆస్ట్రేలియన్ రూల్స్ ఓవల్‌లో పూర్తి మైదానం గీయడానికి చోటుంటుంది. వాళ్ల మధ్య స్తంభాల దూరం 6.4 మీటర్లు, అడ్డపట్టీ మాత్రం ఉండదు. చిక్కు ఎక్కడంటే చలికాలమంతా ఆ ఓవల్ వాళ్లది, ఎండాకాలం క్రికెట్ వాళ్లది. మధ్యలో క్రికెట్ పిచ్ గట్టిగా, కొన్నిచోట్ల కృత్రిమ గడ్డితో ఉంటుంది. దాని మీద మెటల్ స్టడ్‌లతో జారితే మోకాలు పోతుంది. బుకింగ్ అడిగేటప్పుడే పిచ్ మీద ఏదైనా పరుస్తారా, మట్టి వేస్తారా అని స్థానిక కౌన్సిల్‌ను రాతపూర్వకంగా అడగండి.

స్థిరమైన మైదానం ఉన్నవాళ్లు అదృష్టవంతులు. బ్రాంక్స్‌లోని గేలిక్ పార్క్, లండన్ శివారు రైస్లిప్‌లోని మెక్‌గవర్న్ పార్క్, షికాగో దగ్గర ఓక్ ఫారెస్ట్ ఇవన్నీ తరాల కష్టం. మిగతావాళ్లు మోసుకెళ్లే గోల్ స్తంభాలతో గడపాలి. వాటిని ఇసుక బస్తాలతోనో, నేలలోకి దిగే మేకులతోనో ప్రతిసారీ బిగించాలి. మ్యాచ్ అయ్యాక పిల్లలు అడ్డపట్టీకి వేలాడతారు, ప్రమాదం జరిగేది అప్పుడే. చివరి విజిల్ పడ్డాక ముందు విప్పాల్సింది స్తంభాలనే, టీ తాగడం తర్వాత.

సామాన్లు ఏమేం, ఎన్నెన్ని?

మొదటి ఏడాదికి పది ఫుట్‌బాళ్లు, రెండు డజన్ల స్లిటర్లు, నలభై కోన్లు, రెండు రంగుల బిబ్బులు, రెండు పంపులు, ఒక మంచి ప్రథమ చికిత్స సంచి. అంపైర్లకు తెల్లజెండా పాయింటుకు, పచ్చజెండా గోల్‌కు, రెండు పాయింట్ల షాట్‌కు నారింజ జెండా.

స్లిటర్ అంటే హర్లింగ్ బంతి, బరువు 110 నుంచి 116 గ్రాములు. గడ్డిలో పడిందంటే దొరకదు. ఒక ప్రాక్టీసుకు రెండు పోతాయని లెక్క వేసుకోండి. హర్లీ కర్రలు యాష్ చెక్కతో చేస్తారు. ఆ చెట్లకు తెగులు సోకి చెక్క కరువవడంతో ఇప్పుడు వెదురువి, సింథటిక్‌వి కూడా వాడుతున్నారు. యాష్ కర్ర ఎండవేడికి, ఏసీ గదుల పొడిగాలికి ఆరిపోయి పెళుసెక్కుతుంది. గల్ఫ్ క్లబ్బుల్లో కర్రలు ఎక్కువగా విరగడానికి ఇదో కారణం. కారు డిక్కీలో వదిలేయకండి. విమానంలో వాటిని క్యాబిన్‌లోకి రానివ్వరు, చెక్-ఇన్ చేయాల్సిందే. ఐర్లాండ్ నుంచి ఎవరొస్తున్నా రెండు కర్రలు తెమ్మని చెప్పే ఆచారం అలా పుట్టిందే.

హర్లింగ్‌లో ముఖానికి గ్రిల్ ఉన్న హెల్మెట్ 2010 నుంచి అన్ని వయసులవాళ్లకూ తప్పనిసరి. ఫుట్‌బాల్‌లో మౌత్‌గార్డ్ కూడా 2014 నుంచి అందరికీ తప్పనిసరి. ప్రాక్టీసుకూ ఇవి వర్తిస్తాయి. గ్రిల్‌ను వంచినా, ఒక కడ్డీ తీసేసినా హెల్మెట్ పనికిరానట్టే లెక్క.

గాయాలు, బీమా?

ఐర్లాండ్‌లోని గాయాల నిధి మీకూ వర్తిస్తుందని అనుకోవద్దు. మీ బోర్డు బీమా ఏ దేశంలో, దేనికి, ఎంతదాకా చెల్లిస్తుందో రాతలో తీసుకుని ఆటగాళ్లందరికీ పంపండి. అమెరికాలో విరిగిన మణికట్టుకు వచ్చే బిల్లు చూస్తే ఈ కాగితం విలువ తెలుస్తుంది. క్లెయిములు తిరగ్గొట్టే కారణాలు సాధారణంగా రెండే: గాయమైన రోజుకు సభ్యత్వం డబ్బు కట్టి ఉండకపోవడం, ప్రమాద నివేదిక ఆలస్యంగా పంపడం. నివేదిక ఆ రాత్రే రాసేయండి. "ముందు ఆడు, డబ్బు తర్వాత కడుదువు గాని" అనే మంచితనం క్లబ్బుకు చాలా ఖరీదు.

డబ్బు ఎలా వస్తుంది? ఆటగాళ్లకు, కోచ్‌కు ఏమైనా ఇవ్వొచ్చా?

సభ్యత్వాలు, జెర్సీ మీద స్పాన్సర్ పేరు, క్విజ్ రాత్రులు, ఏడాదికోసారి డిన్నర్ డ్యాన్స్. లాటరీ, రాఫెల్ టికెట్లు అమ్మే ముందు స్థానిక జూద చట్టం చూడండి. ఊళ్లో పబ్బులో అమ్మినట్టు ఇక్కడ అమ్మితే నేరం కావచ్చు. ఐర్లాండ్ విదేశాంగ శాఖ జీఏఏతో కలిసి నడిపే గ్లోబల్ గేమ్స్ డెవలప్‌మెంట్ ఫండ్ కూడా ఉంది. దానికి బోర్డు ద్వారా వెళ్లాలి. కోచింగ్, పిల్లల కార్యక్రమాల లాంటి వాటిని ఖర్చు అంచనాతో సహా చూపించే దరఖాస్తులు నిలబడతాయి. "క్లబ్ అభివృద్ధి" అని ఒక్క వాక్యం రాస్తే నిలబడవు.

ఇది అమెచ్యూర్ ఆట. ఆడినందుకు డబ్బు ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు. న్యాయమైన ప్రయాణ ఖర్చులు రసీదుతో ఇవ్వవచ్చు. రసీదు లేని కవరు ఏ పేరుతో ఇచ్చినా అది జీతమే. ఇవాళ ఒకరికి ఇస్తే రేపు పక్క క్లబ్ ఇంకొంచెం ఎక్కువ ఇస్తుంది, చివరికి చిన్న క్లబ్బులు చేతులెత్తేస్తాయి.

పిల్లల విభాగం ఎప్పుడు మొదలుపెట్టాలి?

వీలైనంత త్వరగా. వీసా గడువు లేని ఆటగాళ్లు మీకు దొరికేది అక్కడినుంచే. న్యూయార్క్ ఇప్పుడు అక్కడే పుట్టిపెరిగిన వాళ్లను సీనియర్ జట్టులో ఆడిస్తోంది. కానీ చట్టం వదిలిపెట్టదు. పిల్లలతో పనిచేసేవాళ్లకు జరిగే నేపథ్య తనిఖీ ప్రతి దేశానికీ వేరు, ఐర్లాండ్‌లో తీసుకున్న గార్డా (పోలీసు) వెట్టింగ్ ఇక్కడ చెల్లదు. ఇంగ్లండ్‌లో డీబీఎస్, స్కాట్లండ్‌లో పీవీజీ, ఆస్ట్రేలియాలో ఏ రాష్ట్రానికా రాష్ట్రం వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్ కావాలి. అది చేతికి రాకముందు ఎవరినీ పిల్లల దగ్గరికి పంపకండి. ఏ సెషన్‌లోనూ పెద్దవాళ్లు ఒక్కరే ఉండకూడదు. పిల్లలకు విడిగా మెసేజులు పెట్టకూడదు, ఏ కబురైనా తల్లిదండ్రులున్న గ్రూపులోనే.

టోర్నీ పెట్టాలంటే?

విదేశాల్లో దూరాలెక్కువ కాబట్టి వారం వారం లీగ్ బదులు ఒకే రోజు అన్ని మ్యాచ్‌లూ ఆడేస్తారు. పూర్తి మ్యాచ్‌కు ఒక రిఫరీ, ఇద్దరు లైన్స్‌మెన్, నలుగురు అంపైర్లు, మొత్తం ఏడుగురు కావాలి. ఆడని జట్టు అంపైర్లను ఇవ్వాలని షెడ్యూల్‌లోనే పేరుతో సహా రాయండి. రిఫరీలే అసలు కొరత. ప్రతి క్లబ్ ఒక రిఫరీని శిక్షణకు పంపాలని చాలా బోర్డులు అడుగుతాయి, అడగకపోయినా పంపండి.

ఎన్ని నిమిషాల ఆట, కొత్త ఫుట్‌బాల్ నియమాల్లో ఏవి చిన్న జట్లకు వర్తిస్తాయి, స్కోర్లు సమమైతే ఏం చేస్తారు అన్న మూడూ ముందు రోజే అందరికీ పంపాలి. పొద్దున తొమ్మిదింటికి మైదానంలో తేల్చుకుందామంటే మొదటి మ్యాచ్ పదిన్నరకు గానీ మొదలవదు. ఆ తొంభై నిమిషాలూ సాయంత్రం ఫైనల్‌ను చీకట్లో పడేస్తాయి. ఆసియాలో, గల్ఫ్‌లో ప్రతి సగంలోనూ నీళ్ల విరామం, నీడకు టెంట్లు, ఐస్ ఉండాలి.

సీజన్ మధ్యలో ఆటగాళ్లు మాయమైపోతున్నారు. ఏం చేయాలి?

ముందు ఎందుకో తెలుసుకోండి. ఆస్ట్రేలియాలో ఐరిష్ పాస్‌పోర్టుతో వర్కింగ్ హాలిడే వీసా మీద ఉన్నవాళ్లు రెండో ఏడాది కావాలంటే మారుమూల ప్రాంతాల్లో 88 రోజుల పని చూపించాలి. ఆ మూడు నెలలూ మీ సెంటర్ ఫార్వర్డ్ ఎక్కడో అరటి తోటలో ఉంటాడు. జట్టులో చేరిన రోజే ఆ పని ఎప్పుడు చేస్తావని అడిగి పట్టికలో రాసుకుంటే, ఆరుగురూ ఒకేసారి వెళ్లకుండా సర్దుకోవచ్చు.

శాశ్వత మందు మాత్రం స్థానికులను చేర్చుకోవడం. ఫ్రాన్స్‌లోని బ్రిటనీలో, స్పెయిన్‌లోని గలీసియాలో క్లబ్బులు నిండా అక్కడివాళ్లే. ఐరిష్ వలస ఆగిపోయినా ఆ క్లబ్బులు ఆగవు. బాస్కెట్‌బాల్, ఒలింపిక్ తరహా హ్యాండ్‌బాల్, రగ్బీ ఆడినవాళ్లు గేలిక్ ఫుట్‌బాల్‌ను ఒక సీజన్‌లో పట్టేస్తారు. హర్లింగ్‌కు హాకీ ఆడినవాళ్లు బాగుంటారు, గాల్లో బంతి ఆడటం వాళ్లకు మొదటినుంచీ నేర్పాలి.

ఎవరైనా చనిపోతే, ఆపదలో పడితే క్లబ్ ఏం చేస్తుంది?

పరాయి దేశంలో ఐరిష్ కుర్రాడికి ఏదైనా జరిగితే కుటుంబం ఎంబసీ తర్వాత ఫోన్ చేసేది క్లబ్బుకే. భౌతికకాయాన్ని ఇంటికి చేర్చడానికి న్యూరీలోని కెవిన్ బెల్ రిపాట్రియేషన్ ట్రస్ట్ సాయపడుతుంది. ఆ నంబరు, ఎంబసీ అత్యవసర నంబరు, ప్రతి సభ్యుడి ఇంటివాళ్ల నంబరు ఇవన్నీ ఇద్దరు ఆఫీసర్ల దగ్గరుండాలి. విరాళాలు పోగుచేయాల్సి వస్తే క్లబ్ ఖాతాలో కలపకండి, వేరే ఖాతా తెరవండి.

మాకు ఐరిష్ మూలాలు లేవు. చేరొచ్చా?

నిరభ్యంతరంగా. డబ్లిన్, కార్క్ చుట్టుపక్కల ఉంటున్న తెలుగువాళ్లకు స్థానిక క్లబ్బులు తెలిసే ఉంటాయి. విదేశాల్లో అయితే మీరొస్తే ఇంకా సంతోషం, మిమ్మల్ని ఇంటికి పిలిచే ఊరి క్లబ్ ఐర్లాండ్‌లో లేదు మరి. మీకు ట్రాన్స్‌ఫర్ గొడవ కూడా ఉండదు, నేరుగా నమోదు చేసుకుని సభ్యత్వం కట్టడమే. మొదటి రోజు స్టడ్‌లున్న బూట్లు, మౌత్‌గార్డ్, రెండు లీటర్ల నీళ్లు తెచ్చుకోండి. హర్లింగ్‌కైతే కర్ర, హెల్మెట్ క్లబ్ అప్పుగా ఇస్తుంది. హెల్మెట్ సైజు ముందే చెప్పి ఉంచండి, మిగిలేవి ఎప్పుడూ చిన్నవే.